డీఎం హెమటాలజీ (రక్త జబ్బుల సూపర్ స్పెషాలిటీ) తీసుకుని ట్రాన్స్‌ప్లాంట్ (ఎముక మజ్జ మార్పిడి) వైపు వెళ్తే బతుకు ఎలా ఉంటుంది?

గోదావరి_పీజీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. జనరల్ మెడిసిన్ ఎండీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. సూపర్ స్పెషాలిటీ సీటు కోసం నీట్ ఎస్‌ఎస్ పరీక్షకి చదువుతున్నాను. ఇంట్లో అందరి లెక్కా కార్డియాలజీ మీదే. మా మేనమామ కార్డియాలజిస్టు. "సీటు తెచ్చుకో, నా దగ్గరే కూర్చుందువు గాని" అని ఎప్పట్నుంచో అంటున్నాడు.

పోయిన వర్షాకాలంలో మా వార్డుకి ఒక ఐటీఐ కుర్రాడిని డెంగీ అని రిఫర్ చేశారు. ప్లేట్‌లెట్లు 14 వేలు, చిగుళ్ల నుంచి రక్తం. వార్డంతా డెంగీ కేసులే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. స్మియర్ (గాజు పలక మీద పరిచిన రక్తం) చూసిన పెథాలజీ మేడం ఫోన్ చేసి "ఇది డెంగీ కాదు, ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్, రిపోర్టు కోసం ఆగకుండా ఈ రాత్రే ఆట్రా మందు మొదలుపెట్టండి" అన్నారు. ఆ అబ్బాయి తర్వాత రెమిషన్‌లోకి (జబ్బు కనిపించని స్థితికి) వచ్చి ఇంటికి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి నా బుర్ర హెమటాలజీ చుట్టూనే తిరుగుతోంది.

అడిగినవాళ్లందరూ భయపెడుతున్నారు. రోజూ చావులే చూడాలట. ప్రాసీజర్లు ఉండవట. హైదరాబాద్, బెంగళూరు దాటితే ఉద్యోగం లేదట. పైగా కార్-టీ (పేషెంట్ సొంత తెల్లకణాల్ని మార్చి క్యాన్సర్ మీదకు వదిలే వైద్యం) వచ్చేసింది కాబట్టి పదేళ్లలో ట్రాన్స్‌ప్లాంటే ఉండదట. ఈ ఫీల్డులో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే నిజం చెప్పండి. మోటివేషన్ వద్దు, రోజు ఎలా గడుస్తుందో చెబితే చాలు.

స్టెంట్_మాస్టర్

మేనమామ క్యాథ్ ల్యాబ్ పెట్టుకుని పిలుస్తుంటే ఇక్కడికి వచ్చి అడుగుతున్నావా తమ్ముడూ! మాకు పేషెంట్ నొప్పితో వస్తాడు, గంటలో బ్లాక్ తీస్తాం, మూడో రోజు నడిచి వెళ్తాడు. మీ దగ్గర ఆరు నెలలు వైద్యం చేసి, ఇల్లు అమ్మించి, చివరికి "రిలాప్స్ అయింది, జబ్బు తిరగబెట్టింది" అని చెప్పాలి. నా బ్యాచ్‌మేట్ ఒకడు ఆ బ్రాంచిలో చేరి రెండేళ్లకే ఫార్మా కంపెనీకి వెళ్లిపోయాడు. ఆలోచించుకో.

తెనాలి_హెమటో

తమ్ముడూ, నాది తెనాలి. గుంటూరులో ఎంబీబీఎస్, వైజాగ్‌లో ఎండీ, తర్వాత రాష్ట్రం దాటి డీఎం. ఇప్పుడు హైదరాబాద్‌లో ట్రాన్స్‌ప్లాంట్ యూనిట్ చూస్తున్నాను. స్టెంట్ మాస్టర్ గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, ఆ సగంతోనే మొదలుపెడతాను.

ప్రాసీజర్ మీద మోజు ఉంటే ఇటు రాకు. ట్రాన్స్‌ప్లాంట్ అనగానే ఆపరేషన్ థియేటర్ ఊహించుకుంటారు. ఇక్కడ జరిగేది వేరు. డోనర్‌కి నాలుగైదు రోజులు జీసీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు ఇస్తే మజ్జలో ఉండాల్సిన మూలకణాలు రక్తంలోకి వస్తాయి. మెషీన్ మీద నాలుగైదు గంటలు కూర్చోబెడితే అవి సంచిలో చేరతాయి. ఈలోగా పేషెంట్‌కి పెద్ద మోతాదు కీమో, కొందరికి ఒళ్లంతా రేడియేషన్ ఇచ్చి పాత మజ్జని ఖాళీ చేస్తాం. ఆ తర్వాత సంచి తెచ్చి సెంట్రల్ లైన్‌కి (పెద్ద సిరలో పెట్టిన గొట్టానికి) తగిలిస్తాం. రక్తం ఎక్కించినట్టే ఉంటుంది. అద్దం అవతల నిలబడ్డ బంధువులు "అంతేనా డాక్టర్ గారూ?" అంటారు. వాళ్ల ముఖాల్లో నిరాశ చూడాలి! పూజ చేయించి, కొబ్బరికాయ కొట్టించి, ఊరంతా ఫోన్లు చేసి వచ్చి ఉంటారు పాపం.

దాన్ని డే జీరో అంటాం. నా ఉద్యోగం ఆ మర్నాడు మొదలవుతుంది. తెల్లకణాలు సున్నాకి పడిపోతాయి. నోరు పుండ్లు పడుతుంది, మంచినీళ్లు మింగడం కూడా కష్టం. జ్వరం రాని పేషెంట్ అరుదు. మన దేశంలో ఇంకో తలనొప్పి ఉంది. చాలామంది పేగుల్లో మందులకు లొంగని క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా ముందే కాపురం పెట్టి ఉంటుంది. కౌంట్ లేనప్పుడు అది రక్తంలోకి దిగితే మనకు గంటలే ఉంటాయి. న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) వరసగా మూడు రోజులు 500 దాటితే కొత్త మజ్జ పట్టుకుందని లెక్క. దానికి దాదాపు రెండు మూడు వారాలు. ఆ వారాల్లో నీ ఇంట్లో పెళ్లి ఉన్నా సగం మనసు ల్యాబ్ రిపోర్టు మీదే ఉంటుంది.

కౌంట్లు వచ్చాక అసలు చిక్కు. కొత్తగా వచ్చిన డోనర్ కణాలు పేషెంట్ ఒంటినే పరాయిదనుకుని దాడి చేస్తాయి. అదే జీవీహెచ్‌డీ. చర్మం, పేగులు, కాలేయం దాని ముఖ్యమైన అడ్డాలు. రాత్రి ఎనిమిదింటికి సిస్టర్ ఫోన్ చేసి "ఈరోజు విరేచనాలు రెండు ఎక్కువయ్యాయి మేడం" అంటే, అది ఇన్ఫెక్షనా, మందుల ప్రభావమా, జీవీహెచ్‌డీనా అని తేల్చుకోవాలి. జీవీహెచ్‌డీ అయితే స్టెరాయిడ్ ఇవ్వాలి. ఇన్ఫెక్షన్ అయితే అదే స్టెరాయిడ్ మనిషిని తీసుకుపోతుంది. ఇంకో మెలిక చెప్తాను విను. ఆ దాడి చేసే కణాలే మిగిలిపోయిన లుకేమియా కణాల్ని కూడా ఏరి చంపుతాయి. బాగా అణిచేస్తే జబ్బు తిరగబెడుతుంది, వదిలేస్తే పేగులు ఊడి వస్తాయి. ఆ మోతాదు మనిషి మనిషికీ సర్దుకోవడమే నేను ఇన్నేళ్లుగా చేస్తున్న పని. దీనికి చేతివాటం అక్కర్లేదు. అనుమానం కావాలి, ఓపిక కావాలి, సిస్టర్ చెప్పింది వినే అలవాటు కావాలి.

ఇప్పుడు చావుల సంగతి. ఉంటాయి, దాచను. ఈ వైద్యమే చావుల మధ్య పుట్టింది. డొనాల్ థామస్ పేరు హారిసన్ టెక్స్ట్‌బుక్‌లో చూసి ఉంటావు. 1957లో ఆయన ఆరుగురు పేషెంట్లకు రేడియేషన్, కీమో ఇచ్చి వేరేవాళ్ల మజ్జ రక్తంలోకి ఎక్కించిన సంగతి పేపర్‌గా రాశాడు. ఆరుగురూ పోయారు. ఆయన అప్పుడు ఎక్కడ పనిచేస్తున్నాడో తెలుసా? హార్వర్డ్‌లో చదివినా, పని మాత్రం న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊరి ఆసుపత్రిలో. తర్వాత కవల పిల్లల్లో ఒకరి మజ్జ ఇంకొకరికి ఇచ్చి చూశాడు. మజ్జ పట్టింది, లుకేమియా కొన్ని నెలల్లో తిరిగొచ్చింది. కవలలు కాని వాళ్లలో అసలు పట్టేదే కాదు, పడితే జీవీహెచ్‌డీ. 60లు వచ్చేసరికి చాలామంది ఇది జరిగే పని కాదని వదిలేసి వేరే పరిశోధనల్లోకి వెళ్లిపోయారు. ఈయన మనుషుల మీద ఆపి కుక్కల మీదకు వెళ్లాడు. 1963లో సియాటిల్‌కి మకాం మార్చి, కుక్కల్లో కణజాలం మ్యాచ్ చూడటం, మ్యాచ్ అయిన తోబుట్టువు నుంచి మజ్జ ఇవ్వడం, తర్వాత మెథోట్రెక్సేట్ ఇచ్చి జీవీహెచ్‌డీని అదుపులో పెట్టడం అన్నీ ఏళ్ల తరబడి చూసుకున్నాకే 1969లో మళ్లీ లుకేమియా పేషెంట్ల దగ్గరికి వచ్చాడు.

1977లో ఆ బృందం రాసిన పేపర్ డీఎంలో చేరినవాళ్లందరితో నేను చదివిస్తాను. వేరే ఏ వైద్యమూ మిగలని అక్యూట్ లుకేమియా పేషెంట్లు 100 మంది. అందులో జబ్బు లేకుండా బతికి ఉన్నవాళ్లు 13 మంది. ఇప్పుడు ఎవరైనా వందకి పదమూడు అంటే నవ్వుతారు. కానీ ఆ పదమూడు మందిని చూసే ఆయన "ఇంత ముదిరాక ఎందుకు, మొదటి రెమిషన్‌లోనే చేద్దాం" అన్నాడు. 1979లో అలా చేసిన పేపర్ వచ్చింది, అక్కడ సగం మందికి పైగా నిలబడ్డారు. 1990లో నోబెల్ వచ్చింది, కిడ్నీ మార్పిడి చేసిన జోసెఫ్ మర్రేతో కలిపి. ఇద్దరూ బోస్టన్‌లో ఒకే ఆసుపత్రిలో పనిచేసిన స్నేహితులే. ఆయన భార్య డాటీ జర్నలిజం చదువు మానేసి ల్యాబ్ టెక్నీషియన్ అయి, జీవితాంతం ఆయన ల్యాబ్‌నీ పేపర్లనీ నడిపింది. నోబెల్‌లో ఆమె పేరు లేదు. నాకు ఆ విషయం ఇప్పటికీ మింగుడు పడదు.

మనవాళ్ల ప్రస్తావన తేకపోతే తప్పు చేసినట్టే. పైన చెప్పిన మెథోట్రెక్సేట్ ఎక్కడిది? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో లెడర్లే కంపెనీలో తయారైన ఫోలిక్ యాసిడ్ వ్యతిరేక మందుల కుటుంబం అది. దాని అక్క అమినోప్టెరిన్‌ని సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో లుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948 జూన్‌లో పేపర్ వచ్చింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. ఈరోజు కూడా చాలా యూనిట్లలో మార్పిడి అయిన 1, 3, 6, 11 రోజుల్లో మెథోట్రెక్సేట్ చిన్న మోతాదు ఇస్తారు. మా యూనిట్‌లో పసుపు రంగు మందు కనిపించినప్పుడల్లా మా తెలుగు పీజీలకు ఈ కథ చెబుతాను. సగం మందికి ఆయన పేరు కూడా తెలియదు. మీ గోదావరి జిల్లావాళ్లకి కూడా!

ప్రాసీజర్ చేయలేనివాడు డాక్టరా అనేవాళ్లకి ముంబయి క్యాన్సర్ డాక్టరు సురేశ్ అద్వానీ గారి సంగతి చెప్పు. ఎనిమిదేళ్లప్పుడు పోలియో వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. మెడికల్ కాలేజీలో మొదట సీటు ఇవ్వలేం అన్నారు. పట్టుబట్టి చేరారు. సియాటిల్‌లో థామస్ దగ్గర నేర్చుకుని వచ్చి 1983లో ముంబయి టాటా మెమోరియల్‌లో తొమ్మిదేళ్ల లుకేమియా పాపకు ఆమె సోదరుడి మజ్జతో మన దేశంలో మొదటి ట్రాన్స్‌ప్లాంట్ చేశారు. మూడేళ్లకు 1986లో వెల్లూరులో మామెన్ చాండీ గారు తలసీమియాకి (పుట్టుకతో వచ్చే రక్తహీనతకి) మొదలుపెట్టారు. మన దేశంలో ఈ పని చేస్తున్నవాళ్లలో చాలామంది చదువు ఈ రెండు చోట్లలో ఏదో ఒకదానికి వెళ్లి తగులుతుంది.

ఇక పుస్తకాల్లో పెద్దగా ఉండని సంగతి, డోనర్. తోబుట్టువు పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగింట ఒక వంతు. మన తాతల కాలంలో ఇంటికి ఆరుగురు పిల్లలు, ఎవరో ఒకరు కలిసేవారు. ఇప్పుడు ఇద్దరే, ఒక్కోసారి ఒక్కరే. అందుకే ఓపీలో కూర్చుని నేను మొదట అడిగే ప్రశ్న "మీది మేనరికమా?" అని. జనం తప్పు పట్టుకుంటున్నాననుకుని నీళ్లు నములుతారు. నిజానికి నాకది ఆశ. మేనరికం కుటుంబాల్లో అమ్మో నాన్నో, మేనబావో, పెద్దమ్మ కొడుకో పూర్తిగా మ్యాచ్ అయిన సందర్భాలు ఉన్నాయి. తలసీమియా లాంటి జబ్బుల్ని ఇంట్లోకి తెచ్చేదీ ఆ సంబంధమే, ఒక్కోసారి డోనర్‌ని ఇచ్చేదీ అదే. అలాంటి ఇంట్లో వంశవృక్షం గీయడానికి నాయనమ్మని మించినవాళ్లు లేరు, కాబట్టి ఆవిడని కూడా ఓపీకి రమ్మంటాను.

ఎవరూ కలవకపోతే దాతల పేర్లు నమోదు చేసే రిజిస్ట్రీలు ఉన్నాయి. బంధువు కాని డోనర్ నుంచి లుకేమియాకి మొదటి మార్పిడి 1979లో సియాటిల్‌లోనే జరిగింది, పదేళ్ల పాపకి. డోనర్ అదే సంస్థలో పనిచేసే మనిషి. రెండేళ్లకు ఆ పాప రిలాప్స్‌తో పోయింది. కానీ ఆమె తల్లిదండ్రులు ఊరుకోలేదు, 1986లో అమెరికా జాతీయ రిజిస్ట్రీ రావడంలో వాళ్ల చెయ్యి ఉంది. మన దగ్గర చెన్నైలో దాత్రి 2009లో మొదలైంది. మన జనాభాకి నమోదైనవాళ్లు చాలా తక్కువ. పేరు ఇచ్చినవాళ్లు కూడా, తీరా మ్యాచ్ వచ్చాక "ఇంట్లో ఒప్పుకోవట్లేదు" అని తప్పుకుంటారు. అందుకే ఇప్పుడు సగం మ్యాచ్‌తోనే, అంటే అమ్మ నుంచో నాన్న నుంచో కొడుకు నుంచో చేసేవి బాగా పెరిగాయి. మార్పిడి అయిన మూడు, నాలుగు రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చి, ఎగదన్నే కణాల్ని ఏరేయడం జాన్స్ హాప్కిన్స్‌వాళ్లు చూపించిన దారి. చవక మందు, పాత మందు. మన దేశానికి సరిగ్గా సరిపోయింది.

చివరగా, జబ్బు నయమై వచ్చేవాళ్ల ఓపీ గురించి ఎవరూ నీకు చెప్పి ఉండరు. నా బుధవారం ఓపీ చూడాలి. రక్తం గ్రూపు మారిపోయినవాళ్లు, చిన్నప్పటి టీకాలన్నీ మళ్లీ మొదట్నుంచి వేయించుకునే ముప్పై ఏళ్ల మగాళ్లు, అక్క మజ్జ తీసుకున్నందుకు రక్తంలో ఎక్స్‌ఎక్స్ క్రోమోజోములు వచ్చిన తమ్ముళ్లు. అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆవకాయ ఎప్పుడు తినొచ్చు మేడం?" ఇమ్యూనిటీ తగ్గించే మందులు ఆగేదాకా వద్దంటాను. వేసవిలో ఈ మాట చెప్పినందుకు నన్ను తిట్టుకోని గుంటూరు పేషెంట్ లేడు.

కార్-టీ గురించి టెన్షన్ పడకు. 2023 అక్టోబరులో ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ వాళ్ల నెక్స్‌కార్19కి అనుమతి వచ్చింది, మంచిదే. అది బీ రకం తెల్లకణాల జబ్బులకి. ఏఎంఎల్ (అక్యూట్ మైలాయిడ్ లుకేమియా) వచ్చినవాళ్లలో చాలామందికి ఇప్పటికీ మజ్జ మార్పిడే దిక్కు. ఇమాటినిబ్ మాత్ర వచ్చాక సీఎంఎల్‌కి (నెమ్మదిగా ముదిరే మరో లుకేమియాకి) ట్రాన్స్‌ప్లాంట్లు దాదాపు ఆగిపోయాయి, మాకు పనేమీ తగ్గలేదు. అయినా కార్-టీ ఇచ్చేది ఎవరు? మనమే కదా.

నైట్_డ్యూటీ_సిస్టర్

మేడం గారు బాగా రాశారు. ట్రాన్స్‌ప్లాంట్ యూనిట్‌లో నర్సుని కాబట్టి నేనూ రెండు ముక్కలు చెప్తాను.

డాక్టర్లు రౌండ్స్‌లో పది నిమిషాలు చూస్తారు. మిగతా రోజంతా మేమే. మెల్ఫలాన్ అనే కీమో మందు ఎక్కుతున్నంతసేపు పేషెంట్ నోట్లో ఐస్ ముక్కలు ఉండాలి, అలా చేస్తే నోటి పుండ్లు తగ్గుతాయి. నాలుగో ముక్కకే "ఇక నా వల్ల కాదు సిస్టర్" అంటారు. బతిమాలాలి, ఒక్కోసారి కసరాలి. పొద్దున బరువు చూస్తే కిలో పెరిగి ఉంటుంది, పొట్ట కుడివైపు నొప్పి అంటారు, కళ్లు కొంచెం పచ్చగా ఉంటాయి. అది లివర్‌లో సమస్య మొదలైన గుర్తు కావచ్చు. మేం చూసి చెప్పకపోతే సాయంత్రానికి చెయ్యి దాటుతుంది. ఫ్రీజ్ చేసిన కణాలు ఎక్కించిన రోజు వాటి నిల్వ కోసం కలిపే మందు వాసన రూమంతా ఉడికించిన మొక్కజొన్న పొత్తుల్లా వస్తుంది. కొంతమంది పేషెంట్లు ఆ తర్వాత జన్మలో మొక్కజొన్న ముట్టుకోరు.

నువ్వు ఈ బ్రాంచికి వస్తే ఒక పని చెయ్యి బాబూ. నైట్ డ్యూటీ సిస్టర్ ఫోన్ చేస్తే విసుక్కోకు. "టెంపరేచర్ ఎంత?" అని ఒక్క ముక్క అడిగి పెట్టేసే డాక్టర్లను నేను చాలామందిని చూశాను. వాళ్లకి ఫోన్ చేయడానికి సిస్టర్లు భయపడతారు, పేషెంట్‌కి అక్కడే దెబ్బ తగులుతుంది.

కరీంనగర్_అన్న

నేను డాక్టర్‌ని కాదు. మా చెల్లికి ఏఎంఎల్ వస్తే నేనే డోనర్‌ని. అందుకే ఈ చర్చలోకి వచ్చిన.

ఇంజెక్షన్లు తీసుకున్న మూడో రోజు నుంచి నడుము, తొడ ఎముకలు గుంజుడు మొదలైంది. ప్యారాసిటమాల్‌తో ఓర్చుకున్న. మెషీన్ మీద కూర్చున్నంక పెదాలు తిమ్మిరెక్కినయి, కాల్షియం ఇచ్చిండ్రు, తగ్గింది. అంతే. మా అత్తగారి ఇంట్లో అయితే "ఎముకలల్లకెల్లి మూలుగ తీస్తే మగతనం పోతది" అని గొడవ చేసిండ్రు. ఆ డాక్టరమ్మే మా మామకి ఫోన్ చేసి అరగంట మాట్లాడి ఒప్పించింది. చెల్లి గ్రూపు ఓ పాజిటివ్ ఉండె, ఇప్పుడు ఆమెకి నా గ్రూపు బీ పాజిటివ్ వచ్చింది. డ్రైవింగ్ లైసెన్స్‌ల పాత గ్రూపే ఉన్నది, మార్పించుమని రోజూ చెప్తున్న.

నేను చెప్పదలచింది పైసల గురించి. ప్రైవేటుల తోబుట్టువు మ్యాచ్ అయినా పది పన్నెండు లక్షలు దాటుతది, సగం మ్యాచ్ అయితే ఇంకా ఎక్కువ. ప్యాకేజీ అయిపోయినంక ఖర్చు ఆగది. హాస్పిటల్ దగ్గర్ల రూమ్ అద్దె, విడిగా వంట, వారానికి రెండుసార్లు టెస్టులు, ఫంగస్ రాకుండ మందులు. మొదటి వంద రోజులు ఊరికి పోనియ్యరు. మేం ఎకరం అమ్మినం. సీఎం రిలీఫ్ ఫండ్ కొంత వచ్చింది. మొదట చూపించిన హాస్పిటల్‌ల ఈ తర్వాత ఖర్చు ముచ్చట ఒక్కరు చెప్పలే. రెండో దగ్గర డాక్టరమ్మ తెల్ల కాగితం తీసి, మొత్తం ఇంత, మనిషి దక్కని ప్రమాదం ఇంత, జబ్బు తిరిగి వచ్చే ప్రమాదం ఇంత అని రాసి "ఇంటికి పోయి మాట్లాడుకొని రండి" అన్నది. కాగితం చూసి భయమైంది. అయినా అక్కడనే చేయించినం.

మా చెల్లి ఇప్పుడు అంగన్‌వాడీల పనిచేస్తది. మీరు ఏ బ్రాంచి తీసుకున్నా సరే సార్, ఆ కాగితం రాసుడు నేర్చుకోండి.

స్టెంట్_మాస్టర్

కరీంనగర్ అన్నా, నీ పోస్టు చదివాక నేను మాట్లాడటానికి ఏం లేదు. కానీ ప్రశ్న అడిగినవాడికి నా సలహా మారలేదు. ఇరవై లక్షల ప్యాకేజీలు పెట్టే యూనిట్‌లో జీతం తీసుకుంటూ ఆ తెల్ల కాగితం నిజాయితీగా రాయడం ఎంత కష్టమో మేడం గారిని చెప్పమనండి.

గోదావరి_పీజీ

అందరికీ చాలా థ్యాంక్స్. మేడం, మూడు సందేహాలు. స్టెంట్ మాస్టర్ గారు అడిగింది నాకూ కావాలి. రెండోది, కాకినాడ, రాజమండ్రి లాంటి చోట ఉంటూ ఈ పని చేయడం కుదురుతుందా? మూడోది, మా మేనమామకి ఏం చెప్పను?

తెనాలి_హెమటో

కాగితం రాయడం కష్టమే. నెలకు ఇన్ని ట్రాన్స్‌ప్లాంట్లు అని లెక్క అడిగే మేనేజ్‌మెంట్ దగ్గర నేనూ పనిచేశాను, అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు. ఒక్కటి గుర్తుపెట్టుకో. రెమిషన్‌లో లేని, కిడ్నీ దెబ్బతిన్న అరవై ఐదేళ్ల మనిషికి "ట్రాన్స్‌ప్లాంట్ వద్దు, ఇంట్లో ఉండి మాత్రలు వాడుకోండి, రక్తం అవసరమైనప్పుడు రండి" అని చెప్పడం కూడా ఈ బ్రాంచిలో చేసే వైద్యమే. దానికి బిల్లు రాదు. ఆ మాట చెప్పనిచ్చే చోట ఉద్యోగం వెతుక్కో. అలాంటివి ఉన్నాయి, జీతం కొంచెం తక్కువ ఇస్తాయి. పిల్లల తలసీమియా అయితే కోల్ ఇండియావాళ్ల బాల సేవా యోజన 10 లక్షల దాకా ఇస్తుంది, ఎంపానెల్ అయిన ఆసుపత్రుల్లో. ఇలాంటి కాగితాలు నింపడం సోషల్ వర్కర్ పని అనుకోకు, నువ్వే నేర్చుకోవాలి.

మీ ఊళ్లలో ట్రాన్స్‌ప్లాంట్ యూనిట్ పెట్టడం ఇప్పట్లో కష్టం. ఫిల్టర్ గాలి గదులు మాత్రమే ఉంటే చాలదు. రేడియేషన్ చేసిన రక్తం ఇచ్చే బ్లడ్ బ్యాంకు, సీఎంవీ వైరస్ పరీక్షలు చేసే ల్యాబ్, రాత్రిళ్లు పలికే ఐసీయూ అన్నీ ఉండాలి. కానీ హెమటాలజిస్టు అవసరం అక్కడే ఎక్కువ. నీ ఐటీఐ కుర్రాడి స్మియర్ ఆ రాత్రి ఎవరూ చూడకపోతే ఏమయ్యేది? పాడేరు, రంపచోడవరం వైపు సికిల్ సెల్ పిల్లలున్నారు. మార్పిడి చేయించుకుని వచ్చినవాళ్లు నెలనెలా మందుల మోతాదు కోసం రైలెక్కి హైదరాబాద్ రావాల్సి వస్తోంది. నా ఓపీలో తూర్పు గోదావరివాళ్లే కొంతమంది ఉన్నారు. నువ్వు రాజమండ్రిలో కూర్చుంటే ఆ ఫైళ్లన్నీ నీకు పంపేస్తాను, నాకూ బుధవారం భోజనం టైముకి దొరుకుతుంది.

మేనమామతో గొడవ పెట్టుకోకు. మనం ఇచ్చే డానోరుబిసిన్ అనే కీమో మందు గుండెని దెబ్బతీస్తుంది, ప్రతి పేషెంట్‌కీ ముందూ వెనకా ఎకో కావాలి. ఆ ఎకోలన్నీ ఆయన దగ్గరికే పంపుతానని చెప్పు, కొంచెం మెత్తబడతాడు.

నిర్ణయం మాత్రం ఇక్కడ చదివి తీసుకోకు. పరీక్ష లోపు ఏదైనా పెద్ద యూనిట్‌కి మెయిల్ రాసి కొన్ని వారాలు అబ్జర్వర్‌గా వెళ్లు. మధ్యాహ్నం రౌండ్స్ చూసి వచ్చేయకుండా ఒక వారం రాత్రిళ్లు ఉండు. సిస్టర్ల దగ్గర కూర్చో, ఫోన్లు విను. ఓపీలో కౌన్సెలింగ్ జరిగే గదిలో వెనక కుర్చీ అడుగు. వెళ్లేముందు ఫ్లూ టీకా వేయించుకో, జలుబుంటే లోపలికి రానివ్వరు. గోర్లు తీసుకో, ఉంగరాలు, చేతి తాళ్లు ఇంట్లో పెట్టి రా. ఎవరైనా పేషెంట్‌ని పలకరించడానికి పూలబొకే మాత్రం తీసుకెళ్లకు, తలుపు దగ్గరే ఆపేస్తారు.